సున్నపు గోడల మధ్య పదహారు విస్తళ్ళు

విజయవాడ వన్‌టౌన్‌లోనో పాత గుంటూరులోనో ముత్తాతల నాటి మండువా ఇల్లు ఒకటి అద్దెకు దొరుకుతుంది. అందులో బొమ్మల్లోంచి, అంటే చిత్రాలూ శిల్పాలూ చూసి, పుట్టిన వంటలతో చిన్న భోజనశాల పెట్టాలనుకునేవాళ్ళు మొట్టమొదట "గోడలకి ఏం తగిలిద్దాం?" అంటారు. ఆఖర్న అడగాల్సిన మాట అది. ముందు తేలాల్సింది విస్తళ్ళ లెక్క.

హాలు 14 అడుగుల వెడల్పు, 22 అడుగుల పొడుగు అనుకోండి. 308 చదరపుటడుగులు. కూర్చున్న మనిషికీ, కుర్చీ వెనక్కి జరిగే జాగాకీ, వడ్డించేవాళ్ళు తిరిగే దారికీ కలిపి తలకి 19 చదరపుటడుగులు పెట్టుకుంటే 16 మంది. పదిహేడో కుర్చీ వేశారా, పులుసు గిన్నె ఎవరి తల మీదుగానో తిరగాలి. వంటింటి లెక్కా అక్కడికే వస్తుంది. ఇద్దరు నిలబడి పళ్ళేలు సర్దుతుంటే, ఒక్కోదానికి 20 సెకన్లు పట్టినా 16 పళ్ళేలు 2 నిమిషాల 40 సెకన్లలో గడప దాటతాయి. అదే 30 పళ్ళేలయితే 5 నిమిషాలు. ఏసీ గదిలో ఆ తేడా చాలు, మొదటి పళ్ళెంలో నెయ్యి పేరుకోవడానికి. బొమ్మల నుంచి వంటకాలు తీయడంలో లోకమంతా పేరున్న మాసిమో బొట్టూరా ఇటలీలోని మోదెనాలో నడిపే ఓస్టెరియా ఫ్రాన్చెస్కానాలో ఉన్నవి 12 బల్లలే. చిన్నగా ఉండటం హోదా కోసం కాదు, వేడి కోసం. తినడానికి వెళ్ళేవాళ్ళు కూడా ఈ లెక్కలు తెలుసుకుంటే మంచిదే, దేనికి డబ్బిస్తున్నారో తెలుస్తుంది.

ఇక ఇల్లు. ఆ కాలం గోడల్లో ఇటుకకీ ఇటుకకీ మధ్య గానుగ సున్నం, పైపూత సున్నం. మిద్దె కూడా టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి, ఇటుక ముక్కల సున్నపు కాంక్రీటు దిమ్మిసా చేసినదే; మద్రాసు టెర్రస్ అంటారు. సున్నపు గోడ నేలలోంచి చెమ్మ తాగుతుంది, ఎండ పొద్దున వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూసినా, ఎమల్షన్ పెయింటు కొట్టినా ఆ చెమ్మకి దారి మూసుకుపోతుంది. తడి ఉప్పుని మోసుకొచ్చి రంగు వెనక చేరుస్తుంది. రెండు వానాకాలాలు తిరిగేసరికి గోడ పొక్కులు పోసి, పెచ్చులు లేచి, అడుగున జానెడు మేర తెల్లగా ఉప్పు పూస్తుంది. మేస్త్రి చూసి "లీకేజీ అండీ" అని మళ్ళీ సిమెంటే రాస్తాడు. జబ్బు ఏదో మందూ అదే అన్నమాట.

సరైన పని నెమ్మదిగా జరిగేది. పెయింటూ సిమెంటూ గీకేసి గోడని ఒక వేసవి ఎండనివ్వాలి. పిడుగురాళ్ల రాతిసున్నం తెచ్చి, నీళ్ళలో చల్లార్చి, కనీసం నెల రోజులు నీళ్ళ కిందే నాననివ్వాలి. చల్లార్చేటప్పుడు అది కుతకుత ఉడికి చిమ్ముతుంది. కంటికి అద్దాలు లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వొద్దు. వడగట్టి, పల్చని పాలలా కలిపి, గోడని తడిపి, రోజుకో పూత చొప్పున ఐదారు పూతలు. ఒక్కసారే చిక్కగా కొడితే ఎండి పగుళ్ళిస్తుంది, ఆనుకున్నవాళ్ళ చొక్కాకి అంటుకుంటుంది. పూతలు పడుతున్న రోజుల్లో ఏసీ వెయ్యకూడదు. సున్నం గట్టిపడేది గాలిలోని బొగ్గుపులుసు వాయువుతో, దానికి గోడ కొంత తడిగా ఉండాలి; త్వరగా ఆరిన సున్నం పొడి రాలుతుంది. ఉండవల్లి గుహల్లాంటి కేంద్ర పురావస్తు శాఖ కట్టడానికి 100 మీటర్లలోపు కొత్త కట్టుబడి నిషిద్ధం, ఆ పైన ఇంకో 200 మీటర్లు అనుమతితోనే. మరమ్మతుకైనా కాగితం ముందు, తాపీ తర్వాత.

ఇంతకీ సున్నం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. అమరావతి స్తూపం చెక్కింది కూడా సున్నపురాతి మీదే. వాడుకలో పాలరాయి అంటాం గానీ అది ఆకుపచ్చ ఛాయ తిరిగిన పలనాటి సున్నపురాయి. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వి మద్రాసు పంపిన ఫలకాల్లో కొన్ని చెన్నై ఎగ్మూరు మ్యూజియంలో ఉన్నాయి, కొన్ని లండన్ బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి. స్తూపం శిల్పాలు అమరావతి మ్యూజియంలోనూ ఉన్నాయి. గుంటూరు ప్రాంతం పేరు చెప్పి "కళ" అనే ప్రతి భోజనశాలా ఈ రాతి దగ్గరికి రాక తప్పదు. వచ్చి చేసే మొదటి పొరపాటు, పలనాటి రాతిపలకలు కోయించి పళ్ళేలుగా వాడటం.

చూడటానికి బ్రహ్మాండంగా ఉంటుంది. ఓ నిమ్మచుక్క వేసి చూడండి, సన్నటి బుడగలు లేస్తాయి. పులుపు సున్నపురాతిని తినేస్తుంది. చింతపండు, గోంగూర, పెరుగు, మామిడికాయ, ఆఖరికి టమాటా కూడా పలక మెరుపుని కొరికి గుండ్రటి మరకలు వదులుతాయి, ఆ గరుకులో నూనె దిగుతుంది, రెండు నెలలకి కంపు. మన వంటలో పులుపు లేనిదేది? ఆ పలకల మీద పూతరేకులో చేగోడీలో పెట్టుకోండి, తడి తగలనివ్వకండి. పులుసుకి పింగాణీ, లేకపోతే సన్నటి బొగ్గుసెగ మీద అలవాటు చేసిన రాచ్చిప్ప. రాచ్చిప్పని నేరుగా పెద్దమంట మీద పెట్టినా, వేడి మీద చన్నీళ్ళు పోసినా చీలుతుంది. ఇత్తడి గిన్నె వాడితే లోపల కళాయి ఉండాలి, ఖాళీగా పొయ్యి మీద మరచిపోకూడదు. ఆ పూత తగరం, 232 డిగ్రీలకే కరుగుతుంది. కంచు పళ్ళెం అన్నానికి హాయి, కానీ రాగి 78 వంతులు, తగరం 22 వంతులు కలిసిన లోహం పెళుసు. జారిపడితే సొట్ట పడదు, పగులుతుంది.

రెండో పొరపాటు బొమ్మని పళ్ళెంలో గీయడం. గోంగూరతో తామరపువ్వు, కందిపొడితో ధర్మచక్రం, బీట్‌రూట్ రసంతో ఏనుగు. సెల్‌ఫోన్‌కి నచ్చుతుంది, నాలుక్కి అర్థం కాదు. బొమ్మ ఆకారం కాదు, బొమ్మ కట్టిన పద్ధతి తీసుకోవాలి. అమరావతి పద్మ పతకం చూడండి: మధ్యలో దుద్దు, చుట్టూ వరసలుగా రేకులు, వరస వరసకీ రేకు పెద్దదవుతూ అంచుకి వెళ్తుంది. మనం అన్నం కలుపుకునే తీరూ అదే, మధ్య నుంచి బయటికి. కాబట్టి 26 సెంటీమీటర్ల పళ్ళెంలో మధ్యన 7 సెంటీమీటర్ల మేర అన్నం, దాని నడుమ నెయ్యికి గుంట, చుట్టూ గోంగూర పచ్చడి ఒక కట్ట, దాని బయట వేయించిన ఉల్లిపాయ, అంచున పొడి. తినేవాడు ఒక్కో వరసని లోపలికి లాక్కుంటూ కలుపుతాడు. ముద్ద ముద్దకీ రుచి మారుతుంది. పతకం అని మెనూలో రాయకపోయినా సరే.

ఇక్కడ చెడేది గోంగూర దగ్గర. నీరు వదిలి కట్ట తెగి అన్నంలోకి పారుతుంది. కడిగిన ఆకుని బట్ట మీద పూర్తిగా ఆరనివ్వకపోవడం ఒకటి, నూనె తేలేదాకా మగ్గనివ్వకపోవడం రెండు, మిక్సీలో మెత్తగా తిప్పడం మూడు. రోట్లో కచ్చాపచ్చాగా దంచితే పీచు నిలిచి ఆకారం పట్టుకుంటుంది. ఎర్రకాడ గోంగూరకి పులుపు ఎక్కువ, తెల్లకాడకి తక్కువ. పళ్ళెంలో ఎర్రకాడే నయం, తక్కువ పెట్టినా పలుకుతుంది. మనిషికి 20 గ్రాములు చాలు, 16 మందికి 320. ఆకు మగ్గితే గుప్పెడవుతుంది కనుక కిలో కొనుక్కుంటే దిగులుండదు. అన్నానికి బాపట్ల నుంచి 1986లో వచ్చిన సాంబ మసూరే, బీపీటీ 5204. ఆరు నెలలు దాటిన పాత బియ్యమైతే గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళు. కొత్త బియ్యం వాడితే ముద్దయి గుంట నిలవదు, నెయ్యి పక్కకి కారుతుంది.

నల్లరాతి మీద తెల్లటి గీతలా కనిపించే వంటకం కావాలంటే ఉలవచారుని మించింది లేదు. కిలో ఉలవలు రాత్రంతా నానబెట్టి, ఆరు లీటర్ల నీళ్ళలో మెత్తబడేదాకా ఉడికించి, కట్టు వంచుకోవాలి. ఆ కట్టు సన్నసెగ మీద మరిగి మరిగి లీటరుంబావుకి దిగాలి, గరిటె వెనక పట్టుకోవాలి. చింతపండు ముందే వేస్తే ఉలవ ఉడకదు, పులుపు పప్పుధాన్యాన్ని బిగదీస్తుంది. ఉప్పు ముందే వేస్తే ఐదోవంతుకి ఇగిరేసరికి నోట పెట్టలేం. రెండూ ఆఖర్నే. మనిషికి 60 మిల్లీలీటర్లు, పైన చెంచాడు మీగడ. మీగడ చల్లగా ఉంటే తేలుతుంది, గది వేడికి వస్తే చారులో కలిసి బూడిద రంగు తిరుగుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన నిమిషంలో పడాలి. ఉడికిన ఉలవల్ని పారేయకండి, తాలింపు పెట్టి సిబ్బందికి మధ్యాహ్నం పెట్టండి.

ఏడు వడ్డనలు అనుకుంటే ఏడింటికీ కలిపి మనిషికి 80 గ్రాముల బియ్యం దాటకూడదు. చాలాచోట్ల నాలుగో వడ్డనకే కడుపు నిండిపోయేది ఇందుకే, ప్రతిదాంట్లో పిండో అన్నమో దూరుతుంది. కారం లెక్క ఇంకా ముఖ్యం. గుంటూరు సన్నం ఘాటు 35,000 నుంచి 40,000 స్కోవిల్ యూనిట్లు. అది రెండో వడ్డనలోనే తగిలిందంటే ఆ తర్వాత కొబ్బరిపాలూ ములక్కాడ తీపీ ఎవరికీ తెలియవు. రంగు కోసం బాడిగ మిరప, ఘాటు కోసం తేజ మిరప, మూడు పాళ్ళకి ఒక పాలు కలిపితే ఎరుపు నిండుగా, మంట అదుపులో ఉంటుంది. మంటగల కొర్రమీను పులుసుని ఐదో వడ్డనకి జరిపి, వెంటనే పెరుగు సంబంధమైనది ఇవ్వాలి. మంచినీళ్ళు మంటని నోరంతా పరుస్తాయి, పాలూ మీగడా కడుగుతాయి. చేపల పులుసు ఉదయమే కాచి ఉంచితే ముక్కకి పులుపు పడుతుంది. సాయంత్రం గిన్నె పట్టుకుని తిప్పడమేగానీ గరిటె పెట్టకూడదు. కార్తీకమాసంలో సగం బల్లలు మాంసం ముట్టవు. ఆ వడ్డనకి జోడీగా శాకాహారం ఒకటి, చేప తీసేసిన పులుసు కాకుండా విడిగా పుట్టిన వంటకం, మెనూలో ముందు నుంచీ ఉండాలి.

మరోమాట. మధ్యలో ఒక్క వడ్డనైనా పూర్తిగా అరిటాకు మీద, చేత్తో తినేదిగా ఉండాలి. పప్పు, నెయ్యి, ఆవకాయ. ఆకు కొస తినేవారి ఎడమకి. ఫోర్కుతో పప్పన్నం పెట్టడం ఏ బొమ్మకీ న్యాయం చెయ్యదని నా గట్టి అభిప్రాయం.

వెలుతురు. పాత ఇళ్ళలో కప్పు ఎత్తు, దూలాలు నల్లవి, గోడలు తెల్లవి. కప్పుకి బల్బులు పెడితే గోడ మెరుస్తుంది, పళ్ళెం చీకట్లో ఉంటుంది. దీపం బల్ల మీదికి 75 సెంటీమీటర్ల ఎత్తుకి దించాలి, ఒక్కో బల్లకి ఒకటి, 2700 కెల్విన్ పసుపు ఛాయ. బల్బు డబ్బా మీద సీఆర్‌ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే అంకె) 90 ఉందా అని చూసి ఊరుకోవద్దు, ఆర్‌9 ఎంతో అడగండి. ముదురు ఎరుపుని చూపించే కొలత అది. చవక ఎల్‌ఈడీల్లో అది సున్నా దగ్గర తచ్చాడుతుంది. అప్పుడు ఆవకాయ మట్టి రంగులోనూ, గోంగూర నల్లగానూ, టమాటా పప్పు నిన్నటిదిలానూ కనిపిస్తాయి. వంటవాడు కారం ఇంకా వేస్తాడు పాపం, తప్పు బల్బుది. ఆర్‌9 50కి తగ్గకుండా చూసుకోండి. తిరిగే ఫ్యాను పైన దీపం ఉంటే నీడ రెక్కలు పళ్ళెంలో పరిగెత్తుతాయి, తలనొప్పి. అసలు బల్ల మీద ఫ్యానే వద్దు, అన్నం పైపొర బిరుసెక్కుతుంది.

బొమ్మలకీ ఇదే వెలుతురు సరిపోతుందనుకుంటే గుడ్డకి ముప్పు. పెడన కలంకారీ గుడ్డని కరక్కాయ, పాలల్లో తడిపి, నలుపుకి బెల్లమూ తుప్పినుమూ పులిసిన నీళ్ళతో అద్దుతారు. సహజ రంగుల గుడ్డకి మ్యూజియాల్లో వెలుతురు 50 లక్స్ మించనివ్వరు, బల్ల మీదికి 150 అయినా కావాలి. కాబట్టి పాత గుడ్డలు నడవలో, దీపానికి దూరంగా. భోజనాల గదిలో ఏటా మార్చుకోగల కొత్త గుడ్డలు. బల్ల మీద పరవడానికి కలంకారీ అసలు వద్దు. నిమ్మరసం, గోంగూర తగిలిన చోట ఇనుపనలుపు విరిగి గోధుమ మచ్చవుతుంది. మంగళగిరి తెల్ల నూలు పరవండి. దానికి పడేది పసుపు మరక. పసుపు మీద మొదటే సబ్బు రాస్తే ఎర్రబారుతుంది, క్షారం గుణం. ఆ ఎరుపు చూసి కంగారుపడి ఇంకా రుద్దుతారు. నీళ్ళతో జాడించి ఎండలో ఆరేస్తే పసుపు దానంతటదే వెలిసిపోతుంది, బెజవాడ ఎండకి రెండు రోజులు చాలు.

గోడకి ఏం తగిలించాలనే మాట ఇప్పుడు. మార్క్ రోత్కో అనే చిత్రకారుడు 1958లో న్యూయార్క్ ఫోర్ సీజన్స్ రెస్టారెంట్ గోడల కోసం పెద్ద బొమ్మలు వేస్తానని ఒప్పుకున్నాడు, ఆ తర్వాత అక్కడ ఒక పూట భోంచేసి వచ్చి ఒప్పందం వదులుకున్నాడు, తీసుకున్న డబ్బు తిరిగిచ్చేశాడు. వాటిలో తొమ్మిది ఇప్పుడు లండన్ టేట్ మ్యూజియం సొంతం. తినే చోట బొమ్మ వెనకబడిపోతుందని ఆయన గ్రహించినట్టుంది. నా సలహా, గదికి ఒకటి, అదీ కూర్చున్నప్పటి కంటి ఎత్తులో, నేల నుంచి నడుమ భాగం 120 సెంటీమీటర్ల దగ్గర. మ్యూజియంలో నిలబడి చూస్తాం, ఇక్కడ కూర్చుని. బల్లలకి అంకెల బదులు కొండపల్లి బొమ్మ ఒకటి పెడితే ముచ్చటగా ఉంటుంది: అంబారీ ఏనుగు బల్ల, కల్లుగీతగాడి బల్ల. అవి తెల్లపొణికి చెక్కవి, బరువులేనివి; తడిగుడ్డతో తుడిస్తే రంగూ, ముక్కలు అతికించే మక్కు ముద్దా ఊడతాయి, పొడి కుంచె వాడండి. అసలు శిల్పాలు చూడాలనేవాళ్ళని బందరు రోడ్డులోని బాపు మ్యూజియానికి పంపండి. విక్టోరియా రాణి స్వర్ణోత్సవానికి 1887లో పునాది పడిన జూబిలీ హాలు అది, 1921లో పింగళి వెంకయ్య గాంధీగారికి జెండా నమూనా చూపించింది అక్కడే. మ్యూజియం మూసేలోపు చూసి వస్తే రాత్రి పళ్ళెం ఇంకోలా కనిపిస్తుంది.

చప్పుడు సంగతి చాలామందికి తెరిచిన రాత్రిగానీ తెలియదు. సున్నపు గోడ, ఎర్ర గచ్చు, కంచు పళ్ళేలు, పదహారు గొంతులు. ఒక బల్ల నవ్వితే పక్క బల్ల గొంతు పెంచుతుంది, వాళ్ళని చూసి వీళ్ళు. కిటికీ లేని పొడుగు గోడ ఒక్కదానికి నూలు బొంతని చట్రానికి బిగించి, గోడకి రెండంగుళాల ఎడంగా నిలబెట్టి, మీద కాన్వాసు లాగండి. గోడకి అంటిస్తే సన్నగొంతులే తగ్గుతాయి. ఆ ఎడమే లావు గొంతుల్ని కూడా కొంత మింగుతుంది, గోడకీ గాలాడుతుంది. బల్లల అడుగున కూడా చాప ముక్కలు కొట్టొచ్చు, ఎవరికీ కనపడవు.

తాలింపు ఘాటు భోజనాల గదిలోకొస్తే మొత్తం పరువు దగ్గులో పోతుంది. గాలి ఎప్పుడూ హాల్లోంచి వంటింట్లోకి పోవాలి, తిరిగి రాకూడదు. వంటింటి తలుపు దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ పొయ్యి వైపు వంగితే సరే. హాలు వైపు వంగితే ఎగ్జాస్ట్ ఫ్యాను చాలడం లేదనో, దాని గొట్టానికి మలుపులు ఎక్కువనో. మండువా వైపు తలుపు తెరిస్తే ఈ లెక్కంతా తారుమారవుతుంది. ఎండుమిరపకాయలు వేగేది అతిథులు రాకముందే అయిపోవాలి. గ్యాస్ గాలికన్నా బరువు, కారితే నేల మీద పాకుతుంది. సిలిండర్లు గుంటలోనో మెట్ల కిందో పెట్టకుండా, నేలమట్టానికి జాలీ ఉన్న చోట పెట్టాలి. మండువా తూము ప్రతి వానాకాలం ముందూ తవ్వించండి. వాన పడుతుండగా చుట్టూ కూర్చుని తినడం ఆ ఇంటికున్న అసలైన ఆకర్షణ. తూము పూడితే అదే నీళ్ళు కుర్చీల కిందికొస్తాయి, ఎర్ర గచ్చు తడిస్తే జారుతుంది.

వెళ్ళేవాళ్ళకి నాలుగు ముక్కలు. ముందే డబ్బు కట్టమంటే కోపం తెచ్చుకోకండి. 16 కుర్చీల్లో నలుగురు రాకపోతే ఆ రాత్రి రాబడిలో నాలుగోవంతు పోయినట్టే, చేప మాత్రం కొనేసి ఉంటారు. ఉల్లి వెల్లుల్లి తినకపోయినా, వేరుశనగ పడకపోయినా బుకింగ్ రోజే చెప్పండి, పొడుల్లో ఏది ఎక్కడ ఉందో బల్ల దగ్గర తేలదు. తలకి 2,000 అంటే 5 శాతం జీఎస్టీతో 2,100. అందరికీ ఒకేసారి వడ్డన మొదలవుతుంది కాబట్టి ఆలస్యమైతే పోయిన వంటకం తిరిగి రాదు. దసరా నవరాత్రుల్లో, ముఖ్యంగా మూలా నక్షత్రం రోజు, వన్‌టౌన్ వైపు కారులో బయల్దేరకండి. ఇంటివాళ్ళకి తెలివుంటే ఆ రోజులు మధ్యాహ్నం మాత్రమే తెరుస్తారు. అత్తరు పూసుకుని వెళ్ళొద్దు, గది చిన్నది, ఉలవచారు వాసన అందరిదీ.

ఆఖరి తీపికి బూడిదగుమ్మడి ముక్కలు పెట్టేచోట మళ్ళీ సున్నమే పని చేస్తుంది. లీటరు నీళ్ళలో 5 గ్రాముల తినే సున్నం కలిపి, అడుగుకి దిగనిచ్చి, పై తేటలో ముక్కల్ని రెండు మూడు గంటలు ఉంచితే పాకంలో ఉడికినా చితకవు, కొరికితే కరకరమంటాయి. ఆ తేట పోయేదాకా మూడు నాలుగు నీళ్ళలో కడగాలి, లేకపోతే సబ్బు రుచి. గోడకి తెచ్చిన సున్నం వంటింట్లోకి రానివ్వకండి, డబ్బాలు ఒకేలా ఉంటే ఎవరో ఒకరు పొరబడతారు. వేసవిలో అయితే ఈ శ్రమేమీ వద్దు, తాటిముంజెలు పొట్టు తీసి, చల్లగా, అవే.

చేతులు మండువాలో కడిగించండి, గంగాళంలో గోరువెచ్చని నీళ్ళు, పక్కన చిటికెడు శనగపిండి. నెయ్యి జిడ్డు దానికి వదిలినట్టు సబ్బుకి వదలదు. తర్వాత కిళ్ళీ. ఆకు తొడిమ తుంచి, ఈనె గీరి, వెనకవైపు సున్నం రాయాలి, పెసరగింజంత. ఎక్కువైతే నోరు పొక్కుతుంది, అసలు లేకపోతే ఎన్ని నమిలినా పండదు. వక్కా కాచూ సున్నంతో కలిస్తేనే ఆ ఎరుపు. రాసే పని కొత్త కుర్రాడికి అప్పగించకండి. ఏడు వడ్డనలు బాగా కుదిరిన రాత్రి కూడా, నాలుక పొక్కించుకుని వెళ్ళినవాళ్ళు పొద్దున కాఫీ తాగుతూ చెప్పుకునేది ఆ సున్నం గురించే.